నీటి యొడ్డున విశ్రాంతి

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 13:5-13, యెహెజ్కేలు 34:17-19, మార్కు 6:30-44

వేసవి సెలవులు దగ్గరపడగానే సికింద్రాబాదులో ఉద్యోగములు చేసికొనుచున్న మన బిడ్డలు పల్లెలోని తల్లిదండ్రులకు ఫోను చేసి, "ఈ తడవ అందరము కలిసి ఏదైన చెరువు గట్టున ఒక యిల్లు అద్దెకు తీసికొని రెండు మూడు దినములు ఉందము, మీరును రండి" అని పిలుచుచున్నారు. ఇప్పుడు అనేక కుటుంబములలో జరుగుచున్న సంగతియే యిది. మనుమలతో గడుపుట పెద్దవారికి సంతోషమే గదా! అయితే ఏ చెరువు, ఏ యిల్లు అని వెదకునప్పుడు సాధారణముగా చూచునవి మూడే. ఫొటోలో నీళ్లు ఎంత దగ్గరగా కనబడుచున్నవి? అద్దె ఎంత? ఎన్ని గంటల ప్రయాణము? ఈ మూడును అడుగవలసినవే. కాని యివి మాత్రమే చాలునా? ఈ మాసము మేము మీతో కలిసి ఆలోచింపగోరు ప్రశ్న యిదియే.

మొదట ఒక సంశయమును తీర్చుకొందము. రెక్కలు ముక్కలు చేసికొని బ్రదుకు వారికి విహారమేల, ఆ డబ్బు కానుకపెట్టెలో వేయరాదా అని కొందరు పెద్దలందురు. వారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. అయినను మన ప్రభువు తన శిష్యులకు తిండి తినుటకైనను తీరిక లేకుండుట చూచి, వారిని జనులనుండి ప్రక్కకు తీసికొనిపోగోరెను. వారు దోనెలో వెళ్లినది గలిలయ సముద్రపు ఒడ్డునకే. పేరునకు సముద్రమేగాని అది దాదాపు 166 చదరపు కిలోమీటర్ల మంచినీటి సరస్సు. అలసిన దేహమునకు విశ్రాంతి కావలెనని ఎరిగినవాడే మనలను సృజించినవాడు. కాబట్టి నీటి యొడ్డున సేదదీరుట తప్పు కాదు. ఎవరి నీటి యొడ్డున, ఎవరికి ఏమి నష్టము కలిగించి సేదదీరుచున్నామో తెలిసికొనకపోవుటయే తప్పు.

సికింద్రాబాదు పుట్టినదే చెరువు ప్రక్కన. 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలములో హుస్సేన్ షా వలీ కట్టించిన హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరమున ఇంగ్లీషు సైన్యము దండు దిగెను. 1806లో ఆ దండు ప్రదేశమునకు నిజాము సికందర్ జా పేరున సికింద్రాబాదు అని పేరు వచ్చెను. ఆ చెరువు ఒకప్పుడు పొలములు తడిపినది, పట్టణమునకు త్రాగునీరిచ్చినది. తరువాత దాని చుట్టును బంగళాలు, కార్ఖానాలు, బస్తీలు లేచెను. కూకట్‌పల్లి నాలా యిండ్ల మురుగును, కార్ఖానాల మురికిని తెచ్చి అందులో కలిపెను. నేడు ఆ గట్టుమీద దీపముల వెలుగులో నడువవచ్చును. 1992లో నీటి నడుమ నిలిపిన బుద్ధ విగ్రహమును పడవమీద వెళ్లి చూడవచ్చును. కాని దోసెడు నీళ్లు త్రాగలేము. ఎవడో ఒక్క దుర్మార్గుడు దానిని పాడుచేసెనని చెప్పుటకు వీలులేదు. చుట్టును సుఖముగా ఉండగోరిన వేలమంది, ఎవరి వాటా వారు, కొంచెము కొంచెముగా చేసిన పని అది.

దగ్గరి చెరువు పాడైన తరువాత మనుష్యులు దూరపు చెరువును వెదకుదురు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో హైదరాబాదు నగరమున వేలాది ప్రాణములు పోయినవి. అటువంటి ఆపద మరల రాకుండుటకు విశ్వేశ్వరయ్యగారి సలహామీద మూసీకి గండిపేటవద్ద ఉస్మాన్‌సాగర్, ఈసీకి హిమాయత్‌సాగర్ కట్టబడినవి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. అవి వరదను ఆపుటకు, జనులకు త్రాగునీరిచ్చుటకు కట్టినవేగాని విహారమునకు కట్టినవి కావు. 1996 మార్చిలో 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వువలన ఈ రెండు జలాశయములకు పది కిలోమీటర్లలోపలనున్న 84 గ్రామములలో మురికి విడుచు కార్ఖానాలు, పెద్ద హోటళ్లు, ఇండ్ల కాలనీలు కట్టరాదను కట్టుబాటు ఏర్పడెను. 2022 ఏప్రిలులో 69వ నంబరు ఉత్తర్వుతో ఆ కట్టుబాటును సడలింప నిశ్చయించిరి. అయితే సడలింపు మాట రాకమునుపే ఆ గ్రామములలో తోటలు, ప్రహరీలు, ఈతకొలనులు గల యిండ్లు లేచియున్నవి. వాటిలో కొన్ని దినముల లెక్కన అద్దెకు దొరకుచున్నవి. 2024 జూలైలో హైడ్రా అను సంస్థ ఏర్పడి, నగరపు చెరువులలోనికి చొచ్చుకొనివచ్చిన కట్టడములను కూల్చుట మొదలుపెట్టినప్పుడు, నీళ్లు ఉండవలసిన చోట ఎన్ని గోడలున్నవో అందరికిని తెలిసెను.

ఇంకను దూరము పోగలవారు మెదకు గుడి చూచి పోచారము చెరువునకు పోవుదురు. ములుగు ప్రాంతములోని లక్నవరమునకో, వరంగల్లు దాటి కాకతీయుల నాటి పాకాలకో, కృష్ణమీది నాగార్జునసాగరునకో పోవుదురు. ఇవి అందమైన చోట్లే. అయితే వీటిలో ప్రతిదాని క్రింద నాట్లు వేసికొని నీటికొరకు కనిపెట్టుకొనియున్న రైతులున్నారు. నాగార్జునసాగరునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. ఆ నీటి అడుగున గ్రామములున్నవి. వాటిని విడిచి లేచిపోయిన కుటుంబములున్నవి. మనము పడవమీద పాటలు పాడుకొనుచు పోవు నీటికి ఇంత చరిత్ర కలదు.

నీళ్లు చూచి స్థలమును ఏర్పరచుకొనిన ఒక మనుష్యుని కథ మన బైబిలులో కలదు. అబ్రాహాము కాపరులకును లోతు కాపరులకును కలహము పుట్టగా, పెద్దవాడైన అబ్రాహాము తన సహోదరుని కుమారునితో, నీవే ముందు ఏర్పరచుకొనుమని చెప్పెను. లోతు యొర్దాను మైదానమంతయు నీళ్లు పారుచు పచ్చగా నుండుట చూచెను. అతడు చూచినది అబద్ధము కాదు. నీళ్లు నిజముగానే ఉన్నవి. అయితే అతడు అడుగనివి రెండున్నవి. నేను దీనిని తీసికొనినయెడల నా పెదతండ్రికి మిగులునదేమి? ఈ నీటి ప్రక్కన మనుష్యులు ఎట్టివారు, వారి నడుమ నా యిల్లు ఏమగును? కన్ను ఫొటో వంటిది. అది నీటిని చూపునుగాని నీటి వెనుకనున్న సంగతులను చూపదు. ఇందుకు భిన్నముగా అబ్రాహాము తనకు హక్కున్నను ముందు కోరుకొనలేదు. తన సుఖము ఎదుటివాని పశువులకు దాహము కలిగించునేమోయని ఆలోచించువాడే అట్లు చేయగలడు.

యెహెజ్కేలు ప్రవక్త ఈ సంగతిని ఇంకను సూటిగా చెప్పెను. మందలోని బలసిన గొఱ్ఱెలు తేటనీళ్లు త్రాగి ఊరకుండక, మిగిలిన నీళ్లను కాళ్లతో కలకచేయగా, బలహీనమైన గొఱ్ఱెలు ఆ బురదనే త్రాగవలసివచ్చెనట. దేవుడు వాటిని త్రాగినందుకు గద్దింపలేదు. తరువాతి వారికి త్రాగుటకు వీలులేకుండ చేసినందుకు గద్దించెను. పశువులను చెరువుకు తోలు మీకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

చెరువు ఎట్లు పనిచేయునో పల్లెవారికి తెలిసినంతగా పట్టణవాసులకు తెలియదు. ఎగువనుండి వాగు నీరు తెచ్చును, కట్ట ఆపును, తూము ఆయకట్టుకు విడుచును, నిండినప్పుడు అలుగు మిగిలిన నీటిని దిగువ చెరువునకు పంపును. ఎండినప్పుడు శిఖము భూమిలో పైరు వేసికొనవచ్చును. నిండినప్పుడు అది నీటిదే. ఆ శిఖములో మట్టి పోసి యిల్లు కట్టినయెడల ఆ మేరకు నీరు నిలుచు చోటు తగ్గును. వాన తన పరిమాణమును తగ్గించుకొనదు గదా! ఆ నీరు మరియొకరి యింటిలోనికి పోవును. 2020 అక్టోబరులో హైదరాబాదులో భారీ వానలు కురిసి చెరువు కట్టలు తెగినప్పుడు, నీటిలో మునిగినవి దిగువనున్న బస్తీలే.

"ఆ యిల్లు మేము కట్టలేదు, రెండు దినములుండి పోవువారము, మాకేమి?" అని మన బిడ్డలు అడుగవచ్చును. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. కట్టినవాని పాపము అద్దెకు దిగినవానిమీద అంతయు పడదు. అయితే అద్దె వచ్చునను ఆశతోనే ఇటువంటి యిండ్లు లేచుచున్నవి. ఈ సంవత్సరము మనమిచ్చిన అద్దె వచ్చే సంవత్సరము శిఖములో మరియొక గోడ కాగలదు. "మేము ఒక్కరము మానినంత మాత్రమున చెరువు బాగుపడునా?" అని మరికొందరందురు. హుస్సేన్‌సాగర్ ఒక్కొక్కరివలననే పాడైనది. కాపాడుటయు ఒక్కొక్కరితోనే మొదలుకావలెను.

కాబట్టి బయానా ఇవ్వకమునుపు నాలుగు సంగతులు విచారించుట మంచిదని మా అభిప్రాయము.

మొదటిది, ఆ యిల్లు నీటి హద్దుకు బయట ఉన్నదా? చెరువు పూర్తిగా నిండినప్పటి హద్దును అధికారులు ఎఫ్.టి.ఎల్. అందురు. పది హెక్టార్లు, అనగా దాదాపు 25 ఎకరములు, అంతకు మించిన చెరువునకు ఆ హద్దునుండి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు ఖాళీ విడువవలెనని తెలంగాణ నిబంధన. నీరు మెట్లకు తగులుచున్నదని గొప్పగా చెప్పు యింటిని ముందు అనుమానింపవలెను.

రెండవది, ఆ యింటి మురుగు ఎక్కడికి పోవుచున్నది? తగిన గుంట ఉన్నదా, లేక గొట్టము చెరువు వైపు తిరిగియున్నదా?

మూడవది, ఊరివారికి ఆ నీటివద్దకు దారి ఉన్నదా? ప్రహరీ కట్టి పశువుల బాటను, చేపలు పట్టువారి రేవును మూసివేసిన చోట మనము ఎట్లు ప్రశాంతముగా నిద్రపోగలము?

నాలుగవది, అక్కడ పనిచేయువారి సంగతి. మనకు వంట చేసి, గదులు ఊడ్చి, రాత్రి కావలియుండు కుటుంబము ఎవరిది? అనేక పర్యాయములు అది మన సంఘముల వంటి పల్లె సంఘపు కుటుంబమే. ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయములో దేవుడు విశ్రాంతిదినమును యజమానికి మాత్రమే ఇవ్వలేదు. దాసునికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు, ఇంటనున్న పరదేశికి కూడ ఇచ్చెను. ఆ దాసుడును యజమానివలె విశ్రమింపవలెనని కారణము చెప్పెను. మన విశ్రాంతి కొరకు ఒక తల్లి ఆదివారము ఆరాధన మానుకొని మన గిన్నెలు తోముచుండినయెడల, అది విశ్రాంతి కాదు. మన అలసటను ఆమె నెత్తిమీద పెట్టుట మాత్రమే. ఆ పూట మన వంట మనము చేసికొని ఆమెను గుడికి పంపుట ఎంత కష్టము?

పల్లెలోనున్న మీతోను ఒక మాట. మీ చెరువు అందము చూచి కొనుటకు వచ్చువారు పెద్ద ధర చెప్పుదురు. ఆడపిల్ల పెండ్లి, ఆస్పత్రి అప్పు కన్నుల యెదుట నిలుచును. ఆ బాధ మాకు తెలియనిది కాదు. అయినను చెరువు ఊరందరిది. దిగువ ఊరిది కూడ. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో తెలంగాణలోని 46 వేలకు పైగా చెరువులను బాగుచేయుట సంకల్పించి పూడిక తీయించినప్పుడు ఆ ఒండ్రు మట్టిని పొలములకు తోలుకొనినవారు మీరే. అటువంటి చెరువులో మట్టి పోయనిచ్చుట మన చేతులతో మన పంటను పూడ్చుటయే. వచ్చువారికి వండి పెట్టుడి, మీ యింటి గదిని న్యాయమైన అద్దెకు ఇయ్యుడి, లోతు తెలియని నీటిలోనికి పిల్లలను దిగనీయక హెచ్చరించుడి. ఇది మంచి సంపాదన. శిఖమును మాత్రము అమ్ముకొనకుడి.

చివరగా ఒక సంగతి. గలిలయ సరస్సు ఒడ్డున ప్రభువు కోరిన ఏకాంతము దొరకలేదు. జనులు ముందుగానే అక్కడికి చేరియుండిరి. ఆయన విసుగుకొనక వారిమీద జాలిపడి, బోధించి, అయిదువేలమంది పురుషులకు భోజనము పెట్టెను. తరువాత మిగిలిన ముక్కలను ఎత్తించెను. పన్నెండు గంపలు నిండెను. అంతమంది తిని లేచిన పచ్చికమీద చెత్త మిగిలెనని సువార్త చెప్పదు. విహారమునకు వెళ్లునప్పుడు ఆ గంపలను మరువకుందము. మనము లేచివచ్చిన తరువాత ఆ గట్టునకు వచ్చు పసులకాపరికి, నీరుకట్టు మనిషికి, చేపలు పట్టు ముసలివానికి ఆ నీరు మునుపటివలె తేటగా ఉండవలెను. అట్టి చోటును ఏర్పరచుకొని, అట్లు ఉండివచ్చు జ్ఞానమును ప్రభువు మన కుటుంబములన్నిటికిని దయచేయును గాక.