ముంచిన నీళ్లు, పారిన నీళ్లు

గద్వాల కోటలో ఇప్పుడు డిగ్రీ కాలేజీ నడుస్తోంది. పండితులను ఆదరించి విద్వద్గద్వాల అనిపించుకున్న సంస్థానం గడప మీదుగా పిల్లలు పుస్తకాలు పట్టుకొని పోతుంటారు. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ ఉంది. ఈ రెండు చోట్లా నాకు దిగులు కలగదు. మనుషులు తిరిగే కట్టడం ఎంత మారినా నా కంటికి బతికే ఉన్నట్టుంటుంది.

దిగులంతా కృష్ణ ఒడ్డుకు పోయినప్పుడే. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండి, పాలమూరు, కర్నూలు జిల్లాల్లో సుమారు 100 ఊళ్లు నీళ్లలో పోయాయి. తుంగభద్ర కృష్ణలో కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో తిరిగి పేర్చారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అట్లాగే ఒడ్డుకు చేర్చారు. చాళుక్యుల శిల్పం దక్కింది, సంతోషమే. గుడి ముందటి రేవు మాత్రం రాలేదు. పొద్దున్నే బిందెలతో వచ్చి నిలబడి మాట్లాడుకున్న చోటు, ఏ చెలక ఎవరిదో చెప్పే గెట్టు, ఇవి విప్పి పేర్చేవి కావు. నష్టపరిహారం లెక్కలో ఇల్లు ఉంటుంది, భూమి ఉంటుంది, వాకిట్లో వేపచెట్టుకూ ధర కడతారు. దాని కింద కూర్చునే అలవాటుకు ఎవరు కడతారు?

అయినా ఆ కాలాన్ని తీపిగా మాత్రమే తలచుకోవడానికి నాకు మనసొప్పదు. ఆ ఊళ్లున్న రోజుల్లోనే పాలమూరు మనిషి వాన కోసం చూసి చూసి, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి బొంబాయి బస్సెక్కాడు. ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోసిన పాలమూరు లేబర్ సొంత చెలక ఎండిపోయే ఉంది. ఇప్పుడు కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరులో అదే శ్రీశైలం నీటిని మోటార్లతో ఎత్తి, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువల్లోకి వదులుతున్నారు. జొన్న, ఆముదం పండిన నాగర్‌కర్నూల్ చెలకల్లో వరినాట్లు పడుతున్నాయి. ఒక ఊరిని ముంచిన నీళ్లే ఇంకో ఊరి మడిలో పారుతున్నాయి.

ఈ మాట చెప్పి, ఇక బాధపడకు అని ముంపు ఊరి అవ్వను ఓదార్చలేం. ఆమె పోగొట్టుకున్నది ఇంకొకరి పంటతో తీరేది కాదు. పట్నం నుంచి పండక్కి వచ్చినవాళ్లం పచ్చని మడి చూసి, మా చిన్ననాటి ఎర్రచెలక అందం పోయిందే అని నిట్టూర్చడమూ తగదు. ఆ ఎరుపు మనకు అందం, అక్కడే ఉండిపోయినవాళ్లకు ఆకలి. ఊరి మీద నిజంగా పావురం ఉంటే, అక్కడ ఇవాళ బతుకుతున్నవాళ్ల కడుపు కూడా గుర్తుండాలి.

మునిగిన ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు వయసు మీద పడుతోంది. ఏ బావికి ఏం పేరు, ఏ చెలకను ఏమని పిలిచేవారు, జాతరకు బండ్లు ఏ బాటన వచ్చేవి, ఇవన్నీ వాళ్ల నోటనే ఉన్నాయి. సర్కారు దస్త్రాల్లో దొరికేవి సర్వే నంబర్లే. మనవళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి. ఈ ఎండాకాలమే తాతను, అవ్వను కూర్చోబెట్టి, రేవు దగ్గర మొదలుపెట్టి ఇంటింటి పేరూ చెప్పించి రికార్డు చేయాలి.