జాబితాలో మొదటి పేరు ఎవరిది?

ఇల్లు కట్టుకోవడానికి సర్కారు డబ్బు ఇస్తుందనగానే తండాలోనైనా, చెంచు పెంటలోనైనా మొదట వినిపించే మాట "మన పేరు ఉందా?" అన్నదే. అది సహజం. కానీ దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. అందరికీ ఒకేసారి ఇచ్చేంత డబ్బు లేనప్పుడు ముందు ఎవరి పేరు రాయాలి? మొదటిది అవసరానికి సంబంధించిన ప్రశ్న. రెండోది న్యాయానికి సంబంధించినది. చదువుకున్న యువకులు, బడిలో పాఠం చెప్పే పంతుళ్లు ఈ రెండో ప్రశ్నను తప్పించుకోవడానికి వీల్లేదు.

ముందుగా, ఇల్లు లేదంటే ఏమిటో తేల్చుకుందాం. తిమ్మాజిపేట మండలం ఆవంచ పొలాల్లో పెద్ద ఏకశిలా గణపతి విగ్రహం ఉంది. తరతరాలుగా ఎండకూ వానకూ ఆరుబయటే నిలబడింది. పైన కప్పు లేదు కదా అని ఆ దేవుణ్ణి ఎవరూ దిక్కులేనివాడు అనలేదు. ఆయనకొక చోటు ఉంది, ఆ చోటికి ఆయన పేరు ఉంది. మన లంబాడీ పెద్దలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశాలు తిరిగిన కాలంలో వాళ్లకూ పక్కా గోడలు లేవు. అయినా వాళ్లు ఇల్లు లేనివాళ్లు కారు. తండా వాళ్లతోపాటే నడిచింది. నాయక్, కార్‌భారి, పక్క గుడిసెవాళ్లు ఎక్కడ దిగితే అదే ఊరు. కాబట్టి ఇల్లు లేకపోవడమంటే కప్పు లేకపోవడం ఒక్కటే కాదు. ఇది నా చోటు అని చెప్పుకోవడానికి, నలుగురూ అవునని ఒప్పుకోవడానికి ఒక జాగా లేకపోవడం.

సర్కారు లెక్క వేరుగా ఉంటుంది. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి ఇళ్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. రోడ్ల పక్కన, వంతెనల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ఆరుబయట పడుకున్నవాళ్లు ఆ లెక్కలోకి వచ్చారు. దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షల మంది తేలారు. ఇప్పుడు మన పాలమూరు వలస కూలీని తీసుకోండి. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని హైదరాబాదుకో, పుణెకో, ముంబైకో వెళ్తాడు. పది అంతస్తుల మేడ కడుతూ దాని పక్కనే రేకుల షెడ్డులో పిల్లలతో పడుకుంటాడు. షెడ్డు ఉంది గనుక అక్కడ అతను ఇల్లు లేనివాడు కాడు. ఊళ్లో తాళం వేసిన గుడిసె ఉంది గనుక ఇక్కడా కాడు. రెండు చోట్లా ఇల్లున్నట్టే లెక్క, నిజానికి రెండు చోట్లా లేదు.

ఇక జాబితా సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలుపెట్టింది. ఇంటికి 5 లక్షలు, నాలుగు విడతల్లో. బేస్‌మెంట్ పూర్తయితే మొదటి లక్ష వస్తుంది. తొలి దశలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు అన్నారు. దరఖాస్తుదారులను మూడు జాబితాలుగా విడదీశారు. సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగా కూడా లేనివాళ్లు ఎల్-2. మిగిలినవాళ్లు ఎల్-3. మొదటి విడత ఎల్-1 వాళ్లకు. ఇల్లు మాత్రమే లేనివాడు ముందు, ఇల్లూ జాగా రెండూ లేనివాడు వెనుక. జాగా ఉన్నవాళ్లలోనైనా, పునాది తవ్వించి బేస్‌మెంట్ లేపడానికి చేతిలో డబ్బో, అప్పు పుట్టే పరపతో ఉన్నవాడికే ఆ మొదటి లక్ష అందుతుంది. ఎవడికి తక్కువ ఉందో వాడు అంత వెనక నిలబడ్డాడు.

దీనికి అధికారుల వైపు సమాధానం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. జాగా లేనివాడికి ఇల్లు గాలిలో కట్టలేం కదా. ముందే డబ్బిస్తే తినేసి, గోడలు లేవని ఇళ్లు మిగిలిపోతే ప్రజల సొమ్ముకు జవాబు ఎవరు చెప్పాలి? పనిని చూసి డబ్బివ్వడం తప్పు కాదు. కానీ ఈ వాదన చెప్పేది ఏది సులువో, ఏది న్యాయమో కాదు. జాగా లేనివాడికి ఇల్లు ఇవ్వడం ఆలస్యమవుతుందంటే అర్థం చేసుకోవచ్చు. అతనికి జాగా చూపించే పని కూడా ఆలస్యం కావాలా? అతనికి ఇంటి పథకం అంటే మొదటి మెట్టు స్థలమే. ఆ మెట్టు వేయకుండా అతన్ని రెండో జాబితాలో ఉంచితే, అది వరుస కాదు, వాయిదా.

ఈ దేశంలో వేరే పద్ధతి లేక కాదు. 2000 డిసెంబరులో మొదలైన అంత్యోదయ పథకం పేదల్లోకెల్లా పేదవాణ్ణి ముందు వెతకమంది. ఆ కార్డు ఉన్న కుటుంబానికి నెలకు 35 కిలోల ధాన్యం. బియ్యం దగ్గర చివరివాణ్ణి ముందు నిలబెట్టగలిగిన సర్కారు, ఇంటి దగ్గర ఎందుకు నిలబెట్టలేదు? చెంచుల వంటి ఆదిమ తెగల కోసం 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్ కూడా, బాగా వెనకబడినవాళ్లకు వేరే వరుస ఉండాలని ఒప్పుకున్నదే. ఆ పథకంలో ఇంటికి 2 లక్షలు. మొత్తం చిన్నది కావచ్చు, దాని వెనకున్న సూత్రం సరైనది.

కాలం సంగతి కూడా చూడండి. ప్రజాపాలన దరఖాస్తులు 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు తీసుకున్నారు. పేర్లు చదివిన గ్రామసభలు 2025 జనవరి 21 నుంచి 24 వరకు జరిగాయి. వానాకాలం పంట చేతికొచ్చాక వలస పోయే ఇళ్లకు ఆ నెలల్లో తలుపులకు తాళాలుంటాయి. సంక్రాంతికి వచ్చినవాళ్లూ కనుమ దాటగానే పనిలోకి వెళ్లిపోతారు. ముసలివాళ్లు కాపలా ఉన్న ఇంటి కాగితమైనా వెళ్లి ఉంటుంది. మొత్తం కుటుంబమే కదిలిపోయిన ఇంటి తరఫున సభలో చెయ్యి ఎత్తేది ఎవరు?

ఇల్లు ఇవ్వడం దయ అయితే ఈ ప్రశ్నలన్నీ అనవసరం. దాత ఇష్టం, ఎవరికైనా ఇస్తాడు. హక్కు అయితే మాత్రం తప్పవు. చమేలీ సింగ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆశ్రయం జీవించే హక్కులో భాగమంది. ఆశ్రయమంటే నాలుగు గోడలే కాదనీ, గాలి, వెలుతురు, నీళ్లు, కరెంటు, దారి అన్నీ అందులోకి వస్తాయనీ చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. ఆదిమ తెగలకు వాళ్ల ఆవాసం మీద సామూహిక హక్కును గుర్తించింది. చెంచుకు ఇల్లంటే పెంట, దాని చుట్టూ తేనె, గడ్డలు, నీటి చెలమ. అడవి నుంచి పెరికి ఎక్కడో కాలనీలో పెట్టిన స్లాబ్ ఇల్లు కొలతల్లో పెద్దదైనా, అతని చోటుకు బదులు కాలేదు.

అలాగే ఇంటి పక్కన ఆసరా కూడా ఉండాలి. పట్టణాల్లో లక్ష జనాభాకు వంద మంది పట్టే ఆశ్రయ కేంద్రం ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమం పెట్టింది. రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, పిల్లల చదువు ఇప్పించడం కూడా ఆ కేంద్రం బాధ్యతే అంది. పని స్థలంలో కూలీలకు ఉచితంగా తాత్కాలిక వసతి, వంట చోటు, మరుగుదొడ్డి కల్పించాలని 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. వలస పోయినవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయని పంతుళ్లకు తెలుసు. ఈ మాటలు మేస్త్రీ వెంట వెళ్లే మనిషికి ఊరు దాటక ముందే తెలియాలి. తర్వాత తెలిస్తే అడగడానికి అతని పక్కన ఎవరూ ఉండరు.

చివరగా మన మాట. తండాలో దరఖాస్తు నింపేది చదువుకున్న పిల్లవాడు. సభలో మాట్లాడేది నాలుగు ముక్కలు తెలిసినవాడు. సాధారణంగా అతని ఇంటికి జాగా ఉంటుంది, అతని పేరు మొదటి జాబితాలోనే ఉంటుంది. "మా గుడిసె కూడా కురుస్తుంది, నేనెందుకు వదులుకోవాలి?" అని అతను అడిగితే అందులో తప్పు లేదు. అతన్ని వదులుకొమ్మని ఎవరూ అడగడం లేదు. తన పేరు వచ్చాక నోరు మూసుకోవద్దని మాత్రమే అడుగుతున్నాం. తన హక్కు తీసుకోవడం ఒకటి, తనకంటే కిందివాడి పేరు రాలేదని తెలిసీ ఊరుకోవడం వేరొకటి. మొదటిది న్యాయమే. రెండోది మనం ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నామో వాళ్ల పద్ధతే.

కాబట్టి ప్రతి తండాలో, ప్రతి పెంటలో యువకులు ఒక నోటు పుస్తకం పెట్టుకోవచ్చు. అందులో సర్కారు జాబితాలో ఉన్నవాళ్ల పేర్లు అక్కర్లేదు, లేనివాళ్లవి రాయాలి. జాగా లేని ఇల్లు, తాళం వేసిన ఇల్లు, ఒంటరి ఆడమనిషి ఇల్లు, ఎక్కడికి వలస పోయారో, ఫోన్ నంబరు, తిరిగి వచ్చే నెల. వచ్చే గ్రామసభలో ఆ పుస్తకం తీసి, ముందు ఆ పేర్లు చదివించాలి. రాసుకున్నారని సంతకం అడగాలి. మన పేరు ఆ తర్వాత చదివినా దాని బలం తగ్గదు.