గులాబికి పెట్టిన రూపాయి

గడచిన మే నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మందిరపు గుమ్మమునొద్ద నిలిచి మేము అందరిని పలుకరించుచుండగా, మా సంఘములోని ఒక పెద్దమ్మ మమ్మును ఆపి యొక ప్రశ్న వేసెను. ఆమె విధవరాలు. రెండెకరముల చెలకయు రెండు గేదెలును ఆమె ఆస్తి. ఒక్కగానొక్క కుమారుడు హైదరాబాదు హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగము చేయుచు, కొండాపూరులో ఒక ఎత్తైన భవనపు తొమ్మిదవ అంతస్తున భార్యతో కాపురమున్నాడు. ఆమె అక్కడ 15 దినములుండి, అంతకు ముందు దినముననే తిరిగి వచ్చినది.

"అయ్యగారూ, మావోడు ఆరు గులాబి చెట్లకు రెండువేల నాలుగొందలు పెట్టిండు. గవి తింటరా, తాగుతరా? గా పైసలతోని నాకు నెల దినాలు ఎల్లుతుండె. ఇది పాపం కాదా?"

మేము ఆలోచింపలేదు. ఆమె వెనుక ఇంక పదిమంది నిలిచియుండిరి. "అది వ్యర్థమే అమ్మా, పట్టణపు ఆశలు అట్లే లాగును" అని చెప్పి తరువాతివారి వైపు తిరిగితిమి. ఆమె సంతోషముతో వెళ్లెను. ఆ సంతోషమును చూచియైనను మేము మా జవాబును అనుమానింపవలసి యుండెను.

ఆ మాట ఆ రాత్రియే ఫోనులో కొండాపూరు చేరినది. "పాపమని అయ్యగారే చెప్పిండ్రు" అని అత్త కోడలితో అన్నదట. కోడలు ఎదురు పలుకలేదు గాని, ఆనాటి నుండి అత్తకు ఫోను చేయుట మానెను. కుమారుడు నడుమ నలిగిపోయెను. జూలైలో విత్తనములు వేయునప్పుడు ఏటేట వచ్చువాడు ఈ యేడు రాలేదు. మేము గుమ్మమునొద్ద అర నిమిషములో పలికిన మాట ఒక యింటిని రెండుగా చీల్చినది. ఈ సంగతి మాకు ఆగస్టులో తెలిసినది. ఆ చెట్లను చూడక తీర్పు చెప్పితిమి గదా, ఇప్పుడైనను చూచి వత్తమని బయలుదేరితిమి.

మా పల్లె వికారాబాదు వైపుది. మన్నెగూడ దాటి చేవెళ్ల మీదుగా పోవు ఆ మార్గమును మీలో అనేకులెరుగుదురు. ఇరుప్రక్కల పాతకాలపు మర్రిచెట్లు నీడనిచ్చుచుండును. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో తెల్లని ప్లాస్టిక్కు కప్పులు వేసిన పాలీహౌసులు కనబడును. వాటిలో కొన్నిట గులాబీలే పంట. మన సంఘపు సహోదరీలు కొందరు ఆ పనికి పోవుదురు. మొగ్గ విప్పారకమునుపే, ప్రొద్దెక్కకమునుపే కోయవలెను. కాడ పొడవును బట్టి ఏరి, ఇరువదింటిని ఒక కట్టగా కట్టి, అట్ట చుట్టి పంపుదురు. అవి గుడిమల్కాపూరు పూల మార్కెట్టుకును దూరపు పట్టణములకును పోవును. ఆ దినము అట్టి సహోదరి యొకతె మాతోకూడ బస్సులో కూర్చుండెను. నీ యింట గులాబి చెట్టున్నదా అని అడిగితిమి. ఆమె నవ్వి, "చేతుల నిండ ముండ్లే అయ్యగారూ, మళ్ల ఇంట్ల కూడనా?" అనెను.

ఆమె చేతులను చూచినప్పుడు మాకొక సంగతి జ్ఞాపకము వచ్చి సిగ్గు కలిగెను. రెండేండ్ల క్రిందట మేము ఈ సంఘమునకు వచ్చి 10 సంవత్సరములు నిండినవని యౌవనస్థులు మాకు సన్మానము చేసిరి. మోకాళ్ల దాక వ్రేలాడు గులాబీల దండ. గుడిమల్కాపూరు నుండి తెప్పించిరి. 1,800 రూపాయలైనదని తరువాత లెక్కల పుస్తకములో చూచితిమి. ఆ దండ మా మెడలో అయిదు నిమిషములుండెను. ఫొటో తీసిన తరువాత దానిని కుర్చీకి తగిలించితిమి. సాయంత్రమునకు మేకలు తినెను. ఇది పాపమా అని ఆ దినమున మమ్మునెవరు అడుగలేదు. మేమును మమ్మును అడుగుకొనలేదు.

పట్టణమును గూర్చి ఎక్కువ వ్రాయము. మాదాపూరు, కొండాపూరు మా తండ్రుల కాలమున బండరాళ్ల నడుమ పల్లెలు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఆ రాళ్లు పగిలి మేడలైనవి. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరిచ్చిన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వెలసినది. తొమ్మిదవ అంతస్తునుండి చూడగా మరియొక తొమ్మిదవ అంతస్తు కనబడును, అంతే. నేలను ముట్టవలెనన్న లిఫ్టు దిగవలెను.

కోడలు మమ్మును గౌరవముగా లోనికి పిలిచి, టీ ఇచ్చి, మాటలాడక కూర్చుండెను. మేమే మొదట, "అమ్మా, మేము తొందరపడి మాటలాడితిమి, నీ చెట్లను చూపుము" అంటిమి. బాల్కనీ నాలుగడుగుల వెడల్పు. ఆరు కుండీలు. ఒకదానిలో ఎర్రనిది, రెండిట పసుపు పచ్చనివి విరిసియున్నవి. వానకాలమగుటచేత ఆకులపై నల్లమచ్చ తెగులు కొంచెము కలదు. ఆమె రాత్రి షిఫ్టు ఉద్యోగి. తెల్లవారుజామున వచ్చి, ఈ చెట్లకు మొదట నీళ్లు పోసి, రాలిన ఆకులేరి, అప్పుడు నిద్రపోవునట. "మా నాన్నగారి ఇంట్లో బావి దగ్గర పన్నీరు గులాబి ఉండేదండీ. అంట్ల నీళ్లు పోసినా పూసేది. ఇక్కడ పొద్దున ఒక్క మొగ్గ వచ్చిందంటే ఆ రోజు నేను మనిషినైనట్టు ఉంటుంది" అని చెప్పెను.

ఖర్చును గూర్చి మేము అడుగకమునుపే ఆమె దాచక చెప్పెను. మొక్కలు ఒక్కొక్కటి 150 చొప్పున 900, కుండీలు 180 చొప్పున 1,080, మట్టికిని ఎరువునకును 420. ఇవి రెండవసారి కొన్నవి. అంతకు ముందు సంవత్సరము మార్చిలో నాలుగు మొక్కలు కొనిరి. రోడ్డు ప్రక్క నర్సరీలో అన్నిటికంటె ఎక్కువ పూలున్న వాటిని ఏరి తెచ్చిరి. తెచ్చిన సాయంత్రమే కవరు చింపి, వేళ్ల మట్టి విదిల్చి, పెద్ద కుండీలో నాటి, మూడు పూటల నీళ్లు పోసిరి. జూనుకు నాలుగును చచ్చెను.

ఇందులో అమ్మినవాని మోసమేమియు లేదు. నగరమునకు వచ్చు గులాబి మొక్కలలో అనేకము తూర్పు గోదావరి జిల్లా కడియము నర్సరీల నుండియు, పూణె, బెంగుళూరు ప్రాంతముల నుండియు లారీలలో వచ్చును. అక్కడ వాటికి వేళకు ఎరువు, వేళకు మందు, పలుచని నీడ దొరకును. చిన్న సంచిలో నిండుగ పూసిన మొక్క తన బలమునంతటిని పూలకే పెట్టియుండును. దానిని ఎండాకాలపు ముంగిట వేడిగాలి వీచు మేడమీదికి తెచ్చి వేళ్లు కదలించినయెడల అది ఎట్లు బ్రదుకును? ఈ మాటను ఆమె మాతో ఒక తీరుగ చెప్పినది: మొదటి పూలు నర్సరీవాని కష్టము, రెండవసారి పూసినవే మనవి. ఇంత మంచి మాటను మేము ఏ ప్రసంగములోను చెప్పియుండలేదు.

మీలో కొనదలచినవారు కలరేమో గనుక ఆమె నేర్చుకొనినది వ్రాయుచున్నాము. పూలను లెక్కింపవద్దు. అంటు పైనుండి మూడు నాలుగు గట్టి కొమ్మలు లేచినదానిని చూడుడి. ఆకు వెనుకకు త్రిప్పి ఎర్రనల్లి గూడు కలదేమో చూడుడి. తెచ్చిన పిమ్మట వారము పది దినములు సంచిలోనే ఉంచి, కొత్త గాలికి అలవాటుపడనిచ్చి, మట్టిగడ్డ చెదరకుండ నాటుడి. ఎర్రమట్టి, బాగుగ చివికిన పశువుల ఎరువు, పిడికెడు వేపపిండి చాలును. రోజుకు ఆరు గంటల ఎండ కావలెను. నీళ్లు ఉదయమున మొదటికే గాని ఆకులమీద పోయరాదు. వానలు వెనుకబట్టిన పిదప అక్టోబరులో కొమ్మలు కత్తిరించవలెను. ఎండుపుల్ల తీసివేసి, బయటి వైపు చూచు కన్నుకు పైన ఏటవాలుగ కోయవలెను. కోసిన సుమారు 45 దినములకు పూలు వచ్చును గనుక, క్రిస్మసుకు పూలు కోరువారు నవంబరు మొదటి వారములో కోయవచ్చును.

ఆరు మొక్కలలో ఒకటి మాత్రము మిగిలినవాటికంటె రెండింతలు ఎత్తు పెరిగి, లేత పచ్చని కొమ్మను చాపియున్నది. పువ్వు లేదు. భార్యాభర్తలిద్దరికి అదియే ముద్దు. దాని బలమును మాకు గర్వముతో చూపిరి. మేమును మెచ్చుకొంటిమి.

తిరుగు ప్రయాణములో బేతనియలోని ఆ యింటిని తలంచుకొంటిమి. యోహాను సువార్త 12వ అధ్యాయములో మరియ పోసిన అత్తరు విలువ మూడువందల దేనారములని యున్నది. ఒక దేనారము ఒక దినపు కూలి. అనగా దాదాపు ఏడాది కూలి ఒక్క గడియలో నేలపాలు. దీనిని అమ్మి బీదలకు ఈయరాదా అని అడిగినవాని చేతిలోనే డబ్బు సంచి యుండెను. ప్రియులారా, ఆ ప్రశ్న చెడ్డది కాదు. బీదలకు ఈయవలెననుట ఎన్నడును చెడ్డది కాదు. అడిగినవాడు తన సంచిని చూచుకొనకపోవుటయే చెడ్డది. మా సంచిలో 1,800 రూపాయల దండ యున్నది.

అయితే బాల్కనీలోని కుండీని బేతనియలోని అత్తరుతో సమానము చేయుట కూడ తప్పే. ఆ దంపతులు ప్రభువు కొరకు గులాబి నాటలేదు, తమ సంతోషము కొరకు నాటిరి. అడవిపువ్వులను చూడుమని ప్రభువు చెప్పినప్పుడు వాటికెవరును వెల యియ్యలేదని పెద్దమ్మ వాదింపవచ్చును, ఆ వాదము తేలికైనది కాదు. (గులాబి బైబిలులో కలదా అని కొందరడుగుదురు. ఇంగ్లీషువారి పాత తర్జుమాలో పరమగీతము 2వ అధ్యాయమున షారోను గులాబి అని యున్నది గాని, అది గులాబి కాకపోవచ్చునని పండితులందురు. మన తెలుగు తర్జుమాదారులు అక్కడ గులాబి పేరు వ్రాయక జాగ్రత్తపడిరి.)

కూడు గావలెనా పువ్వు గావలెనా అని మనము రెంటిని తక్కెడలో పెట్టుదుము. బి. పి. పాల్ గారను శాస్త్రవేత్త యుండెను. 1906లో పుట్టి 1989లో గతించెను. తుప్పు తెగులును తట్టుకొను గోధుమ వంగడములను పుట్టించి, భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టరు జనరలు అయినవాడు. ఆయనయే అనేక కొత్త గులాబీలను కూడ పుట్టించెను. భారతదేశపు గులాబీలను గూర్చి ఆయన వ్రాసిన ఇంగ్లీషు పుస్తకము 1966లో వెలువడెను. అప్పుడు దేశములో కరవు, అమెరికా గోధుమ ఓడలు వచ్చుచున్న కాలము. ఒక చేతితో రొట్టెకును, ఆ చేతితోనే పువ్వునకును పాటుపడినవానిని చూచినప్పుడు తక్కెడ కొంచెము తడబడును. కాని మనలో అనేకులము గోధుమను పుట్టింపలేదు, గులాబిని పుట్టింపలేదు. తక్కెడ మాత్రము పట్టుకొని తిరుగుచున్నాము.

నాలుగు మొక్కలను పూల కొరకు కొని, చచ్చినవెంటనే పారవేసి, మరి ఆరు కొనుట, అది వ్యర్థమని మేము ఇప్పటికిని తలంచుచున్నాము. డబ్బున్నవానికి మరియొకటి దొరకును గనుక మొదటిదానిని నేర్చుకొనవలసిన అగత్యము లేదు. మా దండయు అట్టిదే. ఆరు చెట్లను తెల్లవారుజామున నిద్ర మాని సాకుట వేరు. రెంటికిని బిల్లు మాత్రము ఒకటే తీరుగ నుండును, అందుచేతనే మేము బిల్లును చూచి తప్పు చెప్పితిమి.

మరునాడు పెద్దమ్మ యింటికి పోయి అరుగు మీద కూర్చుండి, "అమ్మా, ఆ దినము మేము చెప్పినది తప్పు" అంటిమి. ఆమె మా వంక చూడక గేదెకు గడ్డి వేయుచు, "గట్లయితె నేను తప్పు, వాండ్లు ఒప్పా?" అని అడిగెను. మేము ఖర్చును గూర్చి, దండను గూర్చి చెప్పితిమి. ఆమె వినలేదు. చాలసేపటికి, "పైసలు పోతె పోనీ అయ్యగారూ. నేను పదిహేను దినాలు ఉన్న. పొద్దుగాల్నే ఇద్దరు లేచి చెట్లకాడికి పోతరు. ఎన్ని మొగ్గలైనయని లెక్కపెడ్తరు. నా మోకాళ్ల నొప్పి ఎట్లున్నదని ఒక్కనాడడుగలె" అనెను.

ఆమె తక్కెడలో గులాబికి ఎదుటి వైపున పెట్టినది బియ్యము కాదు, బీదలు కారు. మేము ఆ మే నెల ఆదివారమున ఇంకొక్క నిమిషము ఆగి, "ఎందుకమ్మా అట్లు అడుగుచున్నావు?" అనియుంటిమా, ఈ మాట ఆనాడే వచ్చియుండును. నలుబది దాటిన వయస్సులో, ఇన్నేండ్లు ప్రసంగించిన పిదప, వినుట మాకు రాలేదు.

కుమారునికి ఆ మాటను మేమే చెప్పితిమి. అతడు చాలసేపు ఊరకుండెను. దాని విషయము ఇంతకంటె వ్రాయుట మాకు తగదు.

లేచి వచ్చుటకు ముందు, మాట మార్చవలెనని, ఆ ఎత్తైన పచ్చని కొమ్మను గూర్చి పెద్దమ్మకు చెప్పితిమి. ఆమె చేతిలోని గడ్డి క్రింద పడవేసి, "ఆకులు ఏడేడున్నయా?" అని అడిగెను. ఒక్కొక్క కాడకు చిన్న ఆకులు ఏడున్నట్లే మాకు జ్ఞాపకము, మిగిలిన చెట్లకు అయిదే. "గది అంటు కింద నుంచి లేచిన అడవి పిలక. మామిడికి గట్లనే వస్తది. దాన్నుంచితె పైదాని పాణం తీస్తది. పైన కోస్తె మళ్ల లేస్తది, మట్టి తీసి మొదట్ల పెరికెయ్యాలె" అని చెప్పెను. అంటు గులాబిని అడవి గులాబి వేరు మీదనే కన్ను తీసి కట్టుదురు గనుక ఆమె మాట నిజమే. మామిడి తోట కాపు కాచినవారికి ఎవరును చెప్పనక్కరలేదు. ఆ సాయంత్రము ఆమె ఫోను తీసి కోడలిని పిలిచెను. మొదట ఏమి మాటలాడుకొనిరో మేము వినలేదు. పిలకను గూర్చి మాత్రము వీధి చివర వరకు వినబడినది.

అక్టోబరులో దసరాకు ముందు పెద్దమ్మ కొండాపూరు ప్రయాణమైనది. చివికిన గేదె ఎరువు ఒక బియ్యపు సంచి నిండ కట్టుకొనినది. అక్కడ ఎరువు కిలో లెక్కన ప్యాకెట్టులో అమ్ముదురని ఆమెకు అప్పటికిని కోపమే. సంచిని బస్సులో ఎక్కించుటకు మేమును ఒక చెయ్యి వేసితిమి. స్త్రీలకు టికెట్టు లేదు గాని ఇంత బరువుకు లగేజీ కట్టవలెనని కండక్టరు అనెను. పేడకు కూడ పైసలా అని ఆమె అతనితో వాదించుచుండగానే బస్సు కదలెను.