నాశనమా, పరిణామమా?

పదార్థం నిజంగా నశిస్తుందా, రూపం మాత్రమే మార్చుకుంటుందా అని సాంఖ్యులకూ వైశేషికులకూ నడిచిన పాత వాదం మందుల వ్యర్థాలు కలిసిన నీటి విషయంలో మళ్లీ తలెత్తుతుంది. స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, పటాన్‌చెరులో శుద్ధి చేసి వదిలిన పారిశ్రామిక జలంలోనే సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

ఇటువంటి అణువులను ఛేదించే పద్ధతుల్లో అధునాతన ఆక్సీకరణం ఒకటి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌పై అతినీలలోహిత కాంతి పడినప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్ గల అల్పాయుష్కమైన కణం, పుట్టి ఎదురైన సేంద్రియ అణువునల్లా విరగ్గొడుతుంది. చర్య పూర్తయితే కార్బన్ డయాక్సైడ్, నీరు, లవణాలు మిగులుతాయి. మధ్యలో ఆగితే ఒక్కోసారి మొదటిదానికన్నా విషమైన కొత్త అణువులు ఏర్పడతాయి. కార్యం కారణంలో ముందే ఉందనే సాంఖ్యం కన్నా, అవయవాల సంయోగం చెడితే అవయవి నశిస్తుంది గాని పరమాణువులు నశించవనే వైశేషికమే ఇక్కడ ఎక్కువ అతుకుతుంది: మందు పోతుంది, అందులోని ఒకే ఒక్క ఫ్లోరిన్ పరమాణువు ఫ్లోరైడ్‌గా నీటిలోనే ఉండిపోతుంది.

 అనంతపురం జిల్లా బోరునీటిలోని ఇదే ఫ్లోరైడ్ ఎందరి ఎముకలనో వంచింది. రాళ్లనుంచి ఊరే ఆ ఫ్లోరైడ్ ముందు మందునుంచి రాలేది లెక్కలోకి రాదన్నది నిజమే. అయితే మందును విరిచే రాడికల్ ఫ్లోరైడ్‌ను తాకనైనా తాకదు, ఎందుకంటే అందులో విరగడానికి ఏమీ మిగల్లేదు.