పిట్ట వెనక తీగ

పూర్వం పెళ్ళికూతురి మొహంమీది మచ్చ ఫొటోలో కనపడకుండా చెయ్యాలంటే స్టూడియో ఆయనకి పెద్ద పనే. నెగటివును వెలుతురుకి పట్టుకుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో చుక్క చుక్కగా దిద్దేవారు. అదొక విద్య. ఇప్పుడా విద్య అందరి వేలికొసలకీ వచ్చేసింది. ఫోనులో బొమ్మమీద వేలితో గీస్తే చాలు, గీసిన మేర ఉన్నదంతా మాయం. మచ్చే అక్కర్లేదు, మనిషైనా సరే.

మచ్చ సంగతి పెళ్ళికూతుళ్ళు చూసుకుంటారు. నాకొచ్చిన సందేహం పిట్టలది.

మా ఆడపడుచు కొడుక్కి పిట్టల ఫొటోల పిచ్చి. ఆత్రేయపురం వచ్చాడంటే తెల్లారేసరికి లొల్ల లాకుల దగ్గరో, బొబ్బర్లంక ఏటిగట్టు మీదో ఉంటాడు. మొన్నోసారి లకుముకి పిట్టను పట్టుకొచ్చాడు, ఫొటోలోనే లెండి. నీలం రెక్కలు, గోధుమరంగు తల, తెల్లటి రొమ్ము, ఎర్రటి పొడుగాటి ముక్కు. అయితే అది కూర్చున్నది కరెంటు తీగ మీద. వెనకాల తుమ్మకొమ్మకి తగులుకుని ఓ ప్లాస్టిక్ సంచీ. నేను కాఫీ కలిపి తెచ్చేలోగా సంచీ లేదు, తీగా లేదు. తీగ ఉండాల్సిన చోట చక్కని కొమ్మ!

"ఆ కొమ్మ ఎక్కడిదిరా?"

"ఫోనే వేసిందత్తయ్యా. బావుంది కదూ?"

బావుంది, కాదనను. కానీ ఆ కొమ్మ ఏ చెట్టుదీ కాదు. ఆ మాటే అంటే వాడు చెప్పిన సమాధానం వినండి. "పిట్టను నేను మార్చలేదు కదా! అయినా అక్కడ నుంచున్నప్పుడు నా కంటికి తీగా కనపళ్ళేదు, సంచీ కనపళ్ళేదు. పిట్టే కనపడింది. కెమెరాకి మనసు లేదు గనక అన్నీ తీసింది. నేను చూసినంతే నేను మిగిల్చాను."

ఇది తేలిగ్గా తోసెయ్యగలిగిన మాట కాదు. కన్ను నిజంగానే ఏరుకుంటుంది. గుళ్ళో దణ్ణం పెట్టుకుంటున్నప్పుడు మనకి స్వామే కనపడతాడు; అదే ఫొటో తీస్తే ముందు నుంచున్నావిడ జడే కనపడుతుంది. ఆ లెక్కన మావాడి బొమ్మ కెమెరా తీసినదానికంటే నిజమేమో కూడా! అయితే మనం చూడకపోవటం వేరు, లేదని ఇంకొకరికి చెప్పటం వేరు. గట్టుమీద నుంచుని రెండోసారి చూస్తే తీగ అక్కడే ఉంటుంది. తుడిచేసిన ఫొటోని పదిసార్లు చూసినా కనపడదు. లొల్ల ఎన్నడూ రానివాళ్ళు ఆ కొమ్మను నమ్ముతారు. అదే చెయ్యి తిరిగిన చిత్రకారుడు వేసిన బొమ్మయితే కొమ్మ ఎక్కడిదని ఎవరూ అడగరు. ఫొటో అనేసరికి మనం అడక్కుండానే నమ్మేస్తాం. ఆ నమ్మకం మీదే కదా దాని బతుకు! 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తన నిలువు అట్టమీద పట్టించటానికి ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటరుతో కాస్త దగ్గరికి జరిపింది. రాళ్ళకేం నష్టం? అయినా ఆ అట్ట గురించి ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నారు.

అలాగని ఏదీ ముట్టుకోకూడదంటే చాదస్తం. రెండడుగులు పక్కకి జరిగి సంచీ పడకుండా తీసుకోవచ్చు. అంచు కత్తిరించుకోవచ్చు. అద్దంమీద పడ్డ దుమ్ముచుక్క తీసెయ్యటం బియ్యంలో రాయి ఏరటం లాంటిదే. ఫియాప్ అనే అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య, అమెరికా, బ్రిటన్ సంఘాలతో కలిసి 2014లో ప్రకృతి ఫొటో అంటే ఏమిటో ఒక నిర్వచనం రాసుకుంది. కత్తిరించవచ్చు, కలపకూడదు, చెరపకూడదు. మనుషులు చేసిన వస్తువులు కనపడకూడదనీ ఉంది గానీ, మనం మార్చేసిన చోట్లకి అలవాటుపడ్డ కొంగలూ, గుడ్లగూబల్లాంటివాటికి మినహాయింపు ఇచ్చారు. కొంగలకి మినహాయింపు ఇస్తే మన దేశంలో ఇంక మిగిలేదెన్నని నాకు నవ్వొచ్చింది. పిచ్చుక సంగతే చూడండి. అరుగుమీద కట్టిన వరికంకుల కుచ్చు, పెంకుటింటి చూరు, గోడమీది దేవుడి పటం వెనకాల గడ్డిపరకలు. ఇవన్నీ తుడిచేశాక మిగిలిన పిచ్చుక ఎక్కడి పిచ్చుక?

కైకలూరు పక్కన కొల్లేటి ఒడ్డున ఆటపాకకి వెళ్తే గూడబాతులు వందలుగా గూళ్ళు కట్టుకుని కనపడతాయి. చెట్ల మీద మాత్రమే అనుకునేరు! అటవీశాఖవాళ్ళు నీళ్ళల్లో నిలబెట్టిన ఇనప స్టాండ్ల మీద. ఫొటోగ్రాఫరుకి ఆ ఇనుము కంట్లో నలుసే. కానీ అది తీసేస్తే ఆ పక్షుల కథలో సగం పోతుంది. గూడు కట్టటానికి చెట్లు చాలనప్పుడు మనుషులు ఇనప చెట్లు పాతారు, పక్షులు సరేనని ఒప్పుకున్నాయి. మంచో చెడో, అది జరిగింది.

మావాడి అసలు ఫొటో, తీగతో ఉన్నది, పక్కింటి మూడో క్లాసు పిల్ల చూసింది. వెంటనే, "పిట్టకి కరెంటు కొట్టదా పిన్నిగారూ?" అంది. కొమ్మ ఉన్న ఫొటో చూసినప్పుడు అది ఏమీ అడగలేదు. రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉంటే కరెంటుకి పిట్టలోంచి పోవలసిన పని లేదమ్మా, పెద్ద పక్షి రెక్కలు చాచి ఒకేసారి రెండు తీగల్ని తాకితే మాత్రం ప్రాణం పోతుందని చెప్పాను. చెబుతుంటే బట్టమేక పిట్ట గుర్తొచ్చింది. మీటరెత్తు పక్షి, దాని కోసమే 1988లో కర్నూలు జిల్లా రోళ్ళపాడులో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ అది కనపడటమే అపురూపం. ఈ పక్షికి కళ్ళు పక్కలకి ఉంటాయి, ఎదర ఉన్నది సరిగా ఆనదు. ఒళ్ళు బరువు, చటుక్కున తిరగలేదు. అందుకని ఎగురుతూ ఎగురుతూ పోయి హైటెన్షన్ తీగలకి కొట్టుకుంటుంది. రాజస్థాన్, గుజరాత్‌లలో అవి తిరిగే చోట్ల వీలైనంత మేరకు తీగల్ని భూమిలోంచి వెయ్యాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతటా సాధ్యం కాదంటే 2024లో ఆ ఉత్తర్వును సడలించి నిపుణుల సంఘానికి అప్పగించింది. ఇంత తగువు నడిచిన తీగను, పిట్ట అందం చెడుతోందని, బట్టమేక ఫొటోలోంచి ఎవరైనా వేలితో తుడిచేస్తే ఏమనాలి? అక్కడ తీగ అడ్డొచ్చిన వస్తువు కాదు, ముద్దాయి.

లకుముకి పిట్టకి అంత కథ లేదు నిజమే. గోడకి తగిలించుకునే బొమ్మకి కొమ్మ పెట్టుకో, కింద "దిద్దినది" అని రాయి, పోటీలకీ పిల్లల పుస్తకాలకీ మాత్రం తీగ ఉన్నదే పంపించు అన్నాను. వాడు సంచీ సంగతి అడిగాడు. సంచీ మనదేగా, ఉండనీ అన్నాను. మొహం మాడ్చుకున్నాడు.

పిట్టల దాకా ఎందుకు, మా ఊరి పూతరేకులే చూడండి. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అట్టపెట్టెల మీద సాధారణంగా వెండిపళ్ళెం, నెయ్యి, జీడిపప్పు, రేకుల పొర. ఎండు కొబ్బరాకులు ఎగదోసుకుంటూ, పల్చటి పిండిజారులో బట్ట ముంచి, బోర్లించిన కుండమీద లాగి, క్షణంలో రేకు లేపే ఆడమనిషి ఆ బొమ్మల్లో అరుదు. మా వీధిలో ఒకావిడ దగ్గరికి అట్టపెట్టె బొమ్మ కోసం ఓ కుర్రాడు కెమెరాతో వచ్చాడు. ఆవిణ్ణి కూడా తీస్తానన్నాడు, మెచ్చుకున్నాను. "పొగ తర్వాత తుడిచేస్తాలెండి," అన్నాడు.

"పొగెందుకు తుడవటం బాబూ, పొగ లేందే రేకెక్కడిది?" అంది ఆవిడ. "ఒక్క నిమిషం ఉండు, చీర మార్చుకొస్తాను."