తునకలోని పూర్ణత

తెలుగు, మరాఠీ, కన్నడములు మూడును చెవినిబడు డోంగ్లి ప్రాంతమునకు ఈశాన్యమున, అంత దూరముగాక, బోధను పట్టణమున్నది. జైనపురాణములలోని పౌదనపురమిదియే యనియు, బాహుబలి యేలిన రాజధాని యనియు కొందరు పండితులు తలంచిరి. అట్టి సీమలో హోలోగ్రామును గూర్చి యోచించుట వింతగా తోచవచ్చును గాని, ఒక కోణమునుండి వస్తువు ఎంతవరకు తెలియునని అనేకాంతవాదులైన జైనులు వేసిన ప్రశ్ననే నేటి కాంతిశాస్త్రము మరల వేయుచున్నది.

1947లో డెనిస్ గాబర్ కనుగొన్న యీ విద్యయందు లిఖితమగునది వస్తువు ఆకృతిగాక, దానినుండి వెలువడు కాంతితరంగము. కావున పలక పగిలినను ప్రతి తునకయందును వస్తువంతయు గోచరించును. దీనిని పట్టుకొని, పిండాండముననే బ్రహ్మాండమున్నదని వేదికలపై అద్వైతమును ఉపన్యసించువారు కలరు. వారు పలుకునది అసత్యముకాదు, సగము మాత్రమే. తునక చిన్న కిటికీవంటిది: వస్తువంతయు కనబడును గాని ఆ తావునుండి కనబడునంతయే కనబడును, స్ఫుటత్వమును తగ్గును, ప్రక్కకు జరిగి వెనుక దాగినదానిని చూచు స్వేచ్ఛ పలకతోపాటే పగిలిపోయినది.

కదలుబొమ్మలను చూపు ఎలక్ట్రానిక్ హోలోగ్రాము తెరలలో ఈ సంకోచము మరింత తీవ్రము. 532 నానోమీటర్ల పచ్చని లేజరుకాంతికి, పిక్సెళ్ళ యెడము 8 మైక్రోమీటర్లైనచో, వీక్షణకోణము 4 డిగ్రీలైనను ఉండదు. యెడమును 1 మైక్రోమీటరునకు దించినచో కోణము 30 డిగ్రీలు దాటును. కాని పిక్సెళ్ళ సంఖ్య పెరుగనిచో తెర వెడల్పు ఎనిమిదవ వంతుకు క్షీణించును. తెరలను వంపుగా పేర్చినను, చూపరి కన్నును వెంబడించి కాంతిని మళ్ళించినను, మూల్యము వేరొక రూపమున చెల్లింపక తప్పదు. 1968లో స్టీఫెన్ బెంటన్ నిలువుదిశలోని దృష్టిభేదమును బుద్ధిపూర్వకముగా త్యజించి, లేజరుతో పనిలేక సామాన్యమైన తెల్లని వెలుగుననే కనబడు ఇంద్రధనుస్సు హోలోగ్రామును నిర్మించెను. దేనిని విడువవలయునో ఎరిగి విడిచిన ఆ వివేకమునందు నాకు మిక్కిలి గౌరవము.

జైనులు నయమనునది ఒకానొక దృక్కోణమునుండి వస్తువును గూర్చి పలుకు మాట. తక్కిన కోణములను నిరాకరించినపుడది దుర్నయమగును. తునకలోని పూర్ణతకు అద్వైతముకంటె ఈ దర్శనమే సరిపడునని నా అభిప్రాయము. తెర యెంత విచ్చుకొన్నను చూపరి ఒక క్షణమున ఒకచోటనే నిలువగలడు; ఇంజనీరు పెంచునది జరుగుటకు తగిన చోటు మాత్రమే. కేవలజ్ఞానికైతే వస్తువు సమస్తపర్యాయములతో, అనగా సకలావస్థలతో, ఏకకాలమున ప్రత్యక్షమని వారి సిద్ధాంతము. అచటనే నాకు సందేహము. మనకు లోతు తెలియుట రెండు కన్నులకును రెండు వేరు దృశ్యములు తోచుటచేత, ఒకటి మరియొకదానిని మరుగుపరచుటచేత; ఏదియు మరుగుపడని దృష్టికి ముందు వెనుకలే లేవు. అట్టి దృష్టికి వస్తువుయొక్క లోతు ఏ రీతిని తెలియును?