టిప్పరు వెనుక తొందరపడకు బిడ్డా

బిడ్డా, కొత్త కారు బానెట్ మీద రాయి తగిలి చుక్క పడిందని మొహం వేలాడేసుకుని కూర్చున్నావట. మెదక్‌లో ఉండి రోజూ పాపన్నపేట దిక్కు ఊళ్లకు బడికి పోవాలంటే రాయి తగలకుండా ఎట్లా ఉంటుంది? లోపలి ఊళ్ల మొరం బాటలు, పైపులైను కోసం తవ్వి కంకరతో పూడ్చిన చోట్లు, కొత్తగా తారు పోసి చిప్స్ చల్లి వదిలేసిన తోవలు, ఇవేవీ నీకు తప్పేవి కావు. చుక్కలు పడతాయి. ఎన్ని పడతాయన్నది మాత్రం చాలావరకు నీ కాలి కిందే ఉంది.

ముందు ఆ రంగు ఎంత మందమో తెలుసుకో. రేకుకు తుప్పు పట్టకుండా ఒక పూత, దానిమీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన మెరుపు కోసం క్లియర్ కోటు. ఇన్ని పొరలూ కలిపితే సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు. నీ బడి పిల్లల నోటుపుస్తకంలో ఒక కాగితం, మహా అయితే ఒకటిన్నర కాగితం మందం. దానికి కంకర రాయి వచ్చి తగిలితే ఏమాగుతుంది? వేగం రెట్టింపైతే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలు. 80 మీద పడ్డ రాయి రంగును లేపేస్తే, అదే రాయి 40 మీద చాలాసార్లు టక్కుమని శబ్దం చేసి పోతుంది. ఎదురుగా వచ్చే బండి విసిరిన రాయికి దాని వేగమూ, నీ వేగమూ రెండూ కలుస్తాయి. కంకర కనబడగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తియ్యి. బ్రేకు గట్టిగా తొక్కకు, చక్రాలు జారతాయి. రాయిని తప్పించబోయి స్టీరింగ్ అసలే తిప్పకు. రంగు పోతే వేయించుకోవచ్చు, నువ్వు మాకు ఒక్కదానివే.

ఇక టిప్పర్ల సంగతి. ఎప్పుడైనా ఆగివున్న టిప్పరు వెనుక చక్రాలు దగ్గరగా చూడు. టైర్లు రెండేసి జంటగా ఉంటాయి. ఆ రెంటి సందులో పిడికిలంత రాయి ఇరుక్కుని ఉండటం నేను చాలాసార్లు చూశాను. క్రషర్ దగ్గర ఇరుక్కున్న రాయి కచ్చా బాటలో మెల్లగా పోయినంతసేపు కదలదు. తారు రోడ్డెక్కి బండి వేగం అందుకున్నాక ఊడి వెనక్కి ఎగురుతుంది. డ్రైవరుకు ఆ సంగతే తెలియదు. లోడు మీద పట్టా కప్పకపోతే పై నుంచి రాలేది వేరే. రామాయంపేట పోయి 44వ నంబరు హైవే ఎక్కినా, నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ పోయినా ఇదే లెక్క. ముందు బండి దుమ్ము నీ అద్దం మీద పడుతున్నదంటే దాని రాళ్లు పడే దూరంలోనే ఉన్నావని గుర్తు. ఇంకా వెనక్కి తగ్గు. దాటాలంటే మంచి తారు రోడ్డు వచ్చాక దాటు, కంకర మీద వద్దు.

నీ కారు కూడా తక్కువది కాదు సుమా. ముందు చక్రాలు విసిరే రాళ్లు డోర్ల కింది పట్టీకీ, వెనుక చక్రం ముందుభాగానికీ తగులుతాయి. నాలుగు చక్రాలకూ మడ్ ఫ్లాపులు బిగించు. తక్కువ ఖర్చుతో అయ్యే పని, ఎక్కువ లాభం.

సిరామిక్ కోటింగ్ చేయిస్తే రాళ్లు తగిలినా ఏమీ కాదని ఎవరో చెప్పారన్నావు. అది కొన్ని మైక్రాన్ల పూత. నీళ్లు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, రాయిని మాత్రం ఆపదు. రాయిని ఆపేది పీపీఎఫ్. అది సాగే గుణమున్న పాలియురెథేన్ ఫిల్ము, మందం 150 నుంచి 200 మైక్రాన్లు. అంటే రంగు పొరలన్నిటికంటే మందం. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక, రాళ్ల నుంచి కాపాడటానికి వాడిన ఫిల్ము నుంచే ఇది వచ్చింది. కారంతా వేయించాలంటే నీ జీతానికి భారం, నేనైతే వద్దంటాను. బానెట్ ముందు అంచుకు, సైడు అద్దాల డొప్పలకు, డోర్ల కింది పట్టీలకు వేయిస్తే చాలు.

ఏడుపాయల దుర్గమ్మ దగ్గర పూజ చేయిస్తానంటున్నావు కదా, చేయించు. కొబ్బరికాయ మాత్రం నేల మీద రాయికే కొట్టమను, బంపరుకు వద్దు. బానెట్ మీద పెట్టిన పసుపు ఎండలో మరక కట్టకముందే కడిగెయ్యి. అమ్మవారు ఏమీ అనుకోదు.

పడ్డ చుక్కను ఊరికే వదలకు. వెలుతురులో దగ్గరగా చూడు. లోపల బూడిదరంగు కనబడితే ప్రైమరు ఇంకా ఉంది, కాస్త నిదానించవచ్చు. లోహం తళుక్కుమంటే మాత్రం ఆ ఆదివారమే పని పట్టు. వానాకాలం వస్తే తుప్పు అక్కడితో ఆగదు, రంగు కిందికి పాకి బొబ్బలు లేపుతుంది. బంపరు ప్లాస్టిక్, దానికి తుప్పు భయం లేదు. షాంపూతో కడిగి, బాగా ఆరనిచ్చి, నీడలో పెట్టి, ఆ చుక్కను స్పిరిట్‌తో తుడువు. తుప్పు మొదలైతే సన్న గరుకు కాగితంతో గీకి ముందు ప్రైమరు పెట్టు. ఆపైన టచప్ రంగు పెట్టాలి. దాని సీసా మూతకుండే బ్రష్‌తో వద్దు, అది చుట్టుపక్కలంతా పూస్తుంది. అగ్గిపుల్ల మొన చెక్కి, దాంతో చిన్న బొట్టు గుంటలోకి దించు. ఆరాక ఇంకో బొట్టు. చివరికి క్లియరు. దుమ్ము మీద పొడి బట్టతో మాత్రం ఎన్నడూ తుడవకు, సన్న గీతలన్నీ దానివల్లే.

టచప్ సీసా కొనేముందు నీ కారు రంగు కోడ్ రాసుకుని పో. ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది, డోరు తీస్తే కనబడే స్తంభం మీదనో, బానెట్ కిందనో స్టిక్కరు ఉంటుంది. షాపతను "తెలుపే కదమ్మా, ఏదైనా ఒకటే" అంటాడు. ఒప్పుకోకు. తెలుపుల్లో చాలా రకాలున్నాయి. తెచ్చాక కూడా ముందు డోరు లోపలి అంచున, ఎవరి కంటా పడని చోట ఒక బొట్టు పెట్టి, ఆరాక ఎండలో కలిసిందో లేదో చూసుకో.